నాలుగో స్తంభం

"స్విచ్ ఎన్ని గంటలకు తీసినావు?"

"తొమ్మిది యాభైకి, సాబ్."

"మళ్ళా ఎప్పుడు వేసినావు?"

"వెయ్యలే సాబ్. అల్లా మీద ఆన. పోలీసులు వచ్చి నన్ను పట్టుకునే దాకా వెయ్యలే."

లాకప్పు చువ్వల వెనక నిలబడ్డ జమాల్ బాషా కళ్ళు రెండు రోజులుగా నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. పెన్నా కరెంటు కంపెనీ పవర్ హౌసులో స్విచ్‌బోర్డు ఆపరేటరు అతను. గురువారం, అంటే 1940 ఏప్రిల్ పద్దెనిమిదో తేదీ, ఉదయం పది ఇరవైకి కడప మిల్లు వీధిలో నాలుగో స్తంభం మీద లైన్‌మన్ ఏసన్న కరెంటు కొట్టి ప్రాణం విడిచాడు. స్తంభం మీద మనిషి ఉన్నాడని తెలిసే జమాల్ స్విచ్ వేశాడని పోలీసుల కేసు.

డిటెక్టివ్ దేవేంద్రప్ప గోడ గడియారం చూశాడు. శనివారం, పదకొండు గంటలు. ఆలూరు నుంచి వచ్చిన ఈ పొడుగాటి మనిషిని కేసు విషయం తేల్చమని నిన్న సాయంత్రమే కంపెనీ మేనేజరు పిలిపించాడు.

"ముందు రోజు ఏసన్నతో నీకు తగాదా అయింది. నిజమేనా?"

"నిజమే సాబ్. నా పొట్టేలు పోయి వాళ్ళ సొరతీగ మేసింది. 'ఇంగోసారి వస్తే కోసుకుంటా' అన్న్యాడు. 'పొట్టేలును కోస్తే నిన్ను కోస్తా' అన్న్యా."

"ఎంతమంది విన్నారు?"

"ఈదంతా విన్నింది సాబ్. నా గొంతు అట్లాంటిది."

వెనక నుంచి నవ్వు వినిపించింది. సర్కిల్ ఇన్స్పెక్టర్ నరసింహులు బెల్టు సర్దుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏమప్పా దేవేంద్రప్పా, అడిగిందే అడుగుతాండావు? స్విచ్ తీస్తే కరెంటు నిలుస్తాది, వేస్తే పోతాది. స్విచ్ కాడ ఉన్నోడు వీడొక్కడే. దీనికి డిటెక్టివు ఎందుకు, మా కానిస్టేబులు చాలు."

"మీ కానిస్టేబులు కనుక్కున్నాడా, వీడు స్విచ్ వేసినట్టు?"

"శవం కనుక్కునింది." నరసింహులు వేలితో బల్ల మీద కొట్టాడు. "మేజిస్ట్రేటు దొర రాయచోటి క్యాంపు నుంచి నాలుగు గంటలకు దిగుతాడు. నాలుగుంపావుకు వీడు హత్య కేసు కింద జైలుకు పోతాడు. ఆ పైన ఉరి పడతాదో లేదో సెషన్సు జడ్జి చూసుకుంటాడు. నీకు అయిదు గంటలుండాది. ఇష్టమొచ్చినట్టు తిరుగు."

దేవేంద్రప్ప మళ్ళీ చువ్వల వైపు తిరిగాడు. "ఏసన్నకు ఆ పని ఎవరు చెప్పినారు?"

"ఫోర్‌మన్ శేషన్న గారే సాబ్. తొమ్మిదిన్నరకు పవర్ హౌసుకు వచ్చి, నాలుగో స్తంభం మీద తీగ మోసే పింగాణీ పగిలింది, మార్చి రా అని చెప్పి పోయినాడు."

"యాడికి?"

జవాబు తలుపు దగ్గర నుంచి వచ్చింది. "రైల్వే గూడ్సు షెడ్డుకు సార్." మేనేజరు డిటెక్టివుకు తోడుగా పంపిన ఫోర్‌మన్ శేషన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, శుభ్రంగా గీసుకున్న గడ్డం, నెమ్మదైన గొంతు. "కొత్త తీగ చుట్టలు రావల్ల. పది నుంచి పదకొండు దాకా ఆడనే ఉన్న్యా. పాపం, మంచి లైన్‌మన్ పోయినాడు."

జమాల్ చువ్వల్లోంచి చెయ్యి చాపి డిటెక్టివు చొక్కా పట్టుకున్నాడు. "సాబ్, ఏసన్న కొడుక్కు ఉడుకుజ్వరం వస్తే నా భార్య హుస్సేన్ బీ మూడు దినాలు వాళ్ళింట్లోనే ఉండె. పొట్టేలు కోసం మనిషిని చంపుతానా?"

దేవేంద్రప్ప ఆ చెయ్యి మెల్లగా విడిపించాడు. మాట ఇవ్వలేదు. మాట ఇచ్చే అలవాటు అతనికి లేదు.

* * *

"కరెంటు సంగతి నాకు మొదటి నుంచి చెప్పు శేషన్నా. నాకేమీ తెలియదనుకో."

ఇద్దరూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసన్న ఇంటి వైపు నడుస్తున్నారు. శేషన్న సంతోషంగా మొదలుపెట్టాడు. చెప్పడం అతనికి వచ్చు.

"కె.సి. కాలువను చూసినారు గదా సార్? అంతే. పవర్ హౌసు ఆనకట్ట మాదిరి. ఆయిల్ ఇంజన్లు డైనమోలను తిప్పితే ఆడ కరెంటు పుడతాది. స్విచ్‌బోర్డు నుంచి నాలుగు లైన్లు ఊర్లోకి పోతాయి, నాలుగు కాలువలనుకోండి. మూడో నంబరు లైను మిల్లు వీధిది. ఆ వీధిలో పది స్తంభాలు. మొదటి స్తంభానికి ఒక పెట్టె ఉంటాది, అది తూము. దాంట్లో రెండు పింగాణీ ఫ్యూజులు. కరెంటు వాటి గుండానే వీధిలోకి పోవల్ల."

"ఫ్యూజు ఎందుకు?"

"లోపల సన్న తీగ ఉంటాది సార్. మోతాదుకు మించి కరెంటు పారితే అది కాలి తెగిపోతాది. తూము మూసుకున్నట్టు. లేకుంటే ఇండ్లు తగలబడతాయి. ఆ తర్వాత ప్రతి స్తంభం కాడ నుంచి ఇండ్లకు రెండేసి సన్న తీగలు దిగుతాయి. అవి పిల్ల కాలువలు. ఒక తీగలో వస్తాది, రెండో తీగలో తిరిగి పోతాది. మధ్యలో మీ దీపం వెలుగుతాది."

"స్తంభాల మీద పెద్ద తీగలూ రెండేనా?"

"రెండే. రెండూ రాగివే. ఒక చేయి ఒకదాని మీద, ఇంకో చేయి ఇంకోదాని మీద పడిందా, మనిషి గుండె గుండానే పారతాది. ఏసన్న అట్లనే పోయినాడు."

"ఆ వీధిలో కరెంటు ఎవరెవరికి ఉంది?"

"ఏడో స్తంభం కాడ చెనిక్కాయల మిల్లు. పదో స్తంభం కాడ మున్సిపాలిటీ నీళ్ళ పంపు. మిగతావి ఇండ్లు. పగలు ఇండ్లలో దీపాలుండవు."

దేవేంద్రప్ప ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. "మా ఆలూరులో కాలువలు లేవు శేషన్నా. వాన పడితే వంక పారతాది. ఒక్కోసారి కింది వంక ఉబ్బి పైవంకలోకి తన్నుతాది. అందుకే నాకు కాలువ లెక్క అంత తొందరగా ఎక్కదు."

శేషన్న నవ్వి ఊరుకున్నాడు.

ఏసన్న ఇల్లు చర్చి వెనక వరసలో ఉంది. ఏసన్న భార్య జ్ఞానమణి గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. పరామర్శకు వచ్చిన వాళ్ళు లేచి దారి ఇచ్చారు.

"అమ్మా, పోలీసులు ఆయన వస్తువులు ఏమైనా తిరిగి ఇచ్చినారా?"

"సంచి ఇచ్చినారు అన్నా. ఆడ తగిలించినా. తెరవాలంటే చెయ్యి రాలే." ఆమె గోడ కొక్కెం వైపు చూపించింది.

ఇన్స్పెక్టరు తెరిచి చూడకుండానే ఇచ్చేసిన సంచి అది. దేవేంద్రప్ప వస్తువులు ఒక్కొక్కటే చాప మీద పెట్టాడు. కటింగు ప్లయరు. మోకు. కొత్త పింగాణీ ఒకటి. రొట్టె ముక్క, ఎండిపోయింది. అడుగున చేతిగుడ్డలో చుట్టిన బరువైనవి రెండు. గుడ్డ విప్పాడు. తెల్లటి పింగాణీ దిమ్మలు, రెండు కొసల్లో రాగి పలకలు.

"ఇవేమిటి శేషన్నా?"

శేషన్న జవాబు చెప్పడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టింది. "ఫ్యూజులు సార్."

"ఏ ఫ్యూజులు?"

జ్ఞానమణే చెప్పింది. "ఆయన యా ఈదిలో పని చేస్తే ఆ ఈది ఫ్యూజులు పీకి సంచిలో ఏసుకుంటాడన్నా. కంపెనీ రూలు కాదంట, ఆయన రూలు. స్విచ్ కాడ ఉన్నోడు మరచిపోయినా కరెంటు రాకూడదని. 'నమ్మకం దేవుని మింద, ఫ్యూజులు మాత్రం నా సంచిలో' అనేవాడు. పాస్టరు గారు వినినప్పుడంతా నవ్వుతాండె."

వీధి ఫ్యూజులు! దేవేంద్రప్ప వాటిని అరచేతిలో తూచినట్టు పట్టుకున్నాడు. స్తంభం ఎక్కే ముందే ఏసన్న తూము మూసి, తలుపు చేతిలో పట్టుకుపోయాడు. పవర్ హౌసులో జమాల్ పదిసార్లు స్విచ్ వేసినా కరెంటు మొదటి స్తంభం దాటదు.

"జమాలన్న చంపలే అన్నా," అంది జ్ఞానమణి. "ఆ ఇన్స్పెక్టరుకు చెప్తి. నువ్వు ఏడుపులో ఉండావు, నీకు తెల్దు పో అన్న్యాడు."

"ఏసన్నకు ఇంకెవరితోనైనా పడదా?"

"లేదన్నా. సోమవారం మద్రాసు నుంచి సర్కారు కరెంటు ఇన్స్పెక్టరు వస్తాడంట, ఆయనకు ఒక మాట చెప్పల్ల అని వారం దినాల నుంచి అంటాండె. ఏం మాటో నాతో చెప్పలే."

శేషన్న గడప బయట చెప్పులు వేసుకుంటున్నాడు. వంగి, చాలా సేపు వేసుకున్నాడు.

* * *

ఒంటిగంట పది. మిల్లు వీధి మొదటి స్తంభం. కబురు పంపగా నరసింహులు సైకిలు మీద వచ్చాడు.

"భోజనం మధ్యలో లేపినావు. ఏముందప్పా ఈడ?"

"ఏమీ లేదు. అదే చూడమని పిలిచినా." దేవేంద్రప్ప పెట్టె మూత తెరిచాడు. రెండు ఫ్యూజు గూళ్ళూ ఖాళీ. సంచిలోని దిమ్మలు ఆ గూళ్ళ ముందు పెట్టి చూపించాడు. సరిగ్గా ఆ కొలతే. "ఇవి రెండు రోజులుగా ఏసన్న ఇంట్లో కొక్కేనికి వేలాడుతున్నాయి. మీరే ఇచ్చి పంపినారు."

నరసింహులు ముఖం ఎండకు మాత్రమే ఎర్రబడలేదు. ఫ్యూజులు లాక్కుని అటూ ఇటూ తిప్పాడు.

"అయితే ఎవడో వేరే ఫ్యూజులు పెట్టినాడు. ఏసన్న చచ్చినాక పీకేసినాడు."

"ఎవడు? జమాల్ అప్పుడు మైలు దూరంలో స్విచ్ కాడ ఉన్నాడని మీ కేసే చెప్తాది. వాడు ఆడుండి స్విచ్ వేసినాడా, ఈడుండి ఫ్యూజులు పెట్టినాడా? ఏదో ఒకటి చెప్పండి."

"ఇద్దరు కలిసి చేసినారు!"

"పొద్దున ఒక్కడన్నారు. ఇప్పుడు ఇద్దరయినారు. నాలుగింటి లోపల ముగ్గురవుతారేమో."

పక్కన కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నరసింహులు అడుగు ముందుకు వేశాడు. గొంతు తగ్గించాడు.

"తెలివి నా మీద చూపించొద్దు దేవేంద్రప్పా. ఒక్క మాట చెప్పు. పవర్ హౌసు నుంచి కరెంటు రాలేదంటివి. ఏసన్న మాత్రం కరెంటు కొట్టే చచ్చినాడని డాక్టరు రాసిచ్చినాడు. అరచేతులు రెండూ కాలినాయి. మరి కరెంటు యాణ్ణుంచి వచ్చె? ఆకాశం నుంచి పడిందా?"

ఇదే ప్రశ్న దేవేంద్రప్ప కూడా తనను తాను వేసుకుంటున్నాడు.

"యాణ్ణుంచి వచ్చిందో చెప్పు, జమాల్‌ను నా చేతుల్తో వదుల్తా. చెప్పలేకపోతే నాలుగుంపావుకు వాడు జైల్లో ఉంటాడు." నరసింహులు ఫ్యూజులు రెండూ తన జేబులో వేసుకున్నాడు. "ఇవి ఇంగ సర్కారువి."

* * *

పై నుంచి రాకపోతే కింద నుంచి రావాలి. ఆ ఆలోచనతో దేవేంద్రప్ప స్తంభాలు లెక్కపెడుతూ వీధి చివరిదాకా నడిచాడు. శేషన్న రెండడుగుల వెనక వస్తున్నాడు.

పదో స్తంభం దగ్గర చిన్న రేకుల గది. లోపల మోటారు, పంపు. పక్కన సిమెంటు తొట్టి. ఫ్యూజులు లేవు కాబట్టి వీధిలో కరెంటు లేదు, పంపు తిరగడం లేదు. అయినా తొట్టి చుట్టూ పదిహేను బిందెలు వరసగా ఉన్నాయి, నీడలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ ఎండల్లో వీధి బావులన్నీ అడుగంటాయి. వాళ్ళకు ఈ పంపే దిక్కు.

"నీళ్ళ ఆఫీసరువా సామీ?" అడిగింది ముందున్న ఓబులమ్మ. నోరూ బిందే రెండూ పెద్దవి.

"కాదమ్మా. ఏసన్న సంగతి చూసేకి వచ్చినా. గురువారం మీకు నీళ్ళు దొరికినాయా?"

"దొరక్క! పదిన్నరకు రెండు కడవలు నిండా పట్టుకుంటి."

అన్న తర్వాత ఆమె నోరు మూసుకుంది. వెనక ఒకామె ఆమె కొంగు గుంజింది.

దేవేంద్రప్ప తొందరపడలేదు. తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "తొమ్మిది యాభైకి పవర్ హౌసులో స్విచ్ తీసేసినారు. కరెంటు లేదు. మరి పదిన్నరకు పంపు ఎట్ల తిరిగింది?"

"ఏమో సామీ. తొట్టిలో పాత నీళ్ళుండెనేమో."

"నాలుగు గంటలకు ఒక మనిషిని జైలుకు పంపుతారు ఓబులమ్మా. వానికి ఉరి పడొచ్చు. వాడు కరెంటు పంపలే. ఎవరు పంపినారో మీకు తెలుసు."

ఓబులమ్మ మిగతా వాళ్ళ వైపు చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. చివరకు ఆమె లేచి నిలబడింది.

"పొయ్యి మిల్లులో ఓబన్నను అడుగు. మంచోడు. మా గొంతులు తడిపినోడు. వానికేమన్నా అయితే నీకు ఈ ఈదిలో గుక్కెడు నీళ్ళు పుట్టవు సామీ, చెప్తాండా."

* * *

చెనిక్కాయల మిల్లులో ఇంజను డ్రైవరు ఓబన్న. చేతులకు నూనె, మెడలో గుడ్డ. అడగ్గానే దాచలేదు. దాచాల్సిన పని ఉందని కూడా అతనికి తోచలేదు.

కంపెనీ రాకముందు మిల్లుకు సొంత ఆయిల్ ఇంజను, సొంత డైనమో ఉండేవి. కంపెనీ కరెంటు తీసుకున్న తర్వాత కూడా వాటిని అవసరానికి ఉంచుకున్నారు. గోడ మీద మిల్లు ఫ్యూజులు, వాటి పక్కన పెద్ద పిడి ఉన్న స్విచ్. పిడి పైకి వేస్తే మిల్లుకు కంపెనీ కరెంటు, కిందికి వేస్తే మిల్లు ఇంజను కరెంటు. రెండూ ఎన్నటికీ కలవకుండా చేసే ఏర్పాటు అది.

"మరి ఇవేమిటి?" దేవేంద్రప్ప స్విచ్ పక్కన మేకుకు తగిలించిన రెండు లావాటి తీగ ముక్కలు చూపించాడు.

"అవా సార్? కంపెనీ కరెంటు పోయినప్పుడు ఈదిలో ఆడోళ్ళు వచ్చి మొత్తుకుంటారు. 'ఓబన్నా, నీళ్ళు, నీళ్ళు' అని. పంపుకు కరెంటు కావల్ల గదా? ఈ ముక్కలతో పైదాన్నీ కిందిదాన్నీ కలిపి ఇంజను తిప్పుతా. మా కరెంటు ఈది తీగల్లోకి పోయి పంపు తిరుగుతాది. ఈ వేసవికి నాలుగైదు తూర్లు చేసినా."

"గురువారం కూడా?"

"గురువారం కూడా. పదింపావు దాటినాక."

శేషన్న వెనక నుంచి అందుకున్నాడు. "అయ్యో ఓబన్నా! ఎంత పని చేసినావు!"

ఓబన్న తెల్లబోయాడు. "నేనేం చేసినా? పంపు మాకు దిగువన ఉండాది, పదో స్తంభం. ఏసన్న ఎక్కింది నాలుగో స్తంభం, ఎగువన. పారే నీళ్ళు ఎగువకు పోతాయా సార్? కాలువ కింద సేద్యం చేసినోన్ని, నాకు తెల్దా? కాలువ చివర తూము ఎత్తితే ఆనకట్ట కాడ తడి తగుల్తాదా?"

దేవేంద్రప్పకు ఆ ముఖం చూడాలంటే కష్టమయింది. కాలువ మీద పుట్టి పెరిగిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. తీగకు ఎగువా దిగువా లేవు. ఏడో స్తంభం దగ్గర కరెంటు ఎక్కిస్తే అది పదో స్తంభానికీ పోతుంది, నాలుగో స్తంభానికీ పోతుంది. ఏసన్న ఒక్క తూమే మూశాడు. మరో వైపు నుంచి కూడా పారుతుందని అతనికి ఎవరు చెప్పారు?

"ఇట్ల కలిపితే పంపు తిరుగుతాదని నీకు ఎవరు నేర్పినారు ఓబన్నా?"

ఓబన్న చూపు డిటెక్టివు భుజం మీదుగా వెనక్కి పోయి, తిరిగి నేల మీద వాలింది.

"నేనే కనుక్కుంటి సార్."

* * *

మూడు గంటల అయిదు నిమిషాలు. నాలుగో స్తంభం.

వీధంతా గోడల నీడలో చేరింది. దేవేంద్రప్ప అడిగిన వస్తువులు తక్కువే. ఒక వెదురు నిచ్చెన, ఒక బల్బు, దాని హోల్డరుకు మూరెడు మూరెడు గుడ్డ చుట్టిన తీగలు రెండు.

"ఫ్యూజులు యాడుండాయి నరసింహులు గారూ?"

ఇన్స్పెక్టరు జేబు తట్టాడు. "ఈడనే."

"పవర్ హౌసు స్విచ్?"

"మా కానిస్టేబులు దాని ముందర కుర్చీ వేసుకుని కూర్చోనుండాడు. తీసే ఉండాది."

"ఏసన్న ఎక్కినప్పుడు కూడా సరిగ్గా ఇట్లనే ఉండె. ఓబన్నా, పో. గురువారం ఏం చేసినావో అదే చెయ్యి. చేసి ఈడికి రా."

శేషన్న నిచ్చెన మొదలు రెండు చేతులతో పట్టుకున్నాడు. దేవేంద్రప్ప పైకెక్కాడు. బల్బు తీగలను రెండు పెద్ద తీగలకు కొక్కేల్లాగా తగిలించాడు. బల్బు వెలగలేదు. అతను పింగాణీలను దగ్గరగా చూశాడు. ఇటుది, అటుది. వేలి గోటితో తట్టాడు. రెండూ గట్టిగా మోగాయి.

మిల్లు వైపు నుంచి ఇంజను దడదడ మొదలయింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి.

బల్బు లోపలి తీగ ఎర్రబడింది. పచ్చబడింది. పట్టపగలు ధగధగ వెలిగింది.

వీధి చివర పంపు చప్పుడు వినిపించింది. "నీళ్ళు!" అని ఎవరో ఆడమనిషి అరిచింది. ఆ వెంటనే అక్కడ చేరిన వాళ్ళందరికీ ఆ వెలుగు అర్థం తెలిసింది. ఓబులమ్మ చేతిలోని బిందె కింద పెట్టేసింది.

నరసింహులు జేబులోంచి ఫ్యూజులు తీసి చూశాడు. బల్బు చూశాడు. మళ్ళీ ఫ్యూజులు చూశాడు. "నాయాల్ది... వెనక నుంచి వచ్చె!"

అప్పుడే ఓబన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెలుగుతున్న బల్బు చూసి అక్కడికక్కడే కూలబడ్డాడు. "ఎగువకు పోయిందే... సామీ, ఎగువకు పోయిందే... ఏసన్నను నేనే చంపితినే..."

ఇన్స్పెక్టరు బేడీలు తీశాడు. "లేవరా. జమాల్ కాకుంటే నువ్వు. ఎవరో ఒకరు నాలుగింటికి దొర ముందర నిలబడల్ల."

"ఆగండి!" పై నుంచి కేక వేశాడు దేవేంద్రప్ప. "ఓబన్నా, గురువారం నీళ్ళు కావాలని నిన్ను ఎవరు అడిగినారు?"

"మేం అడగలే!" ఓబులమ్మ ముందుకు వచ్చింది. "ఆ పొద్దు పొద్దున్నే పట్టుకుని పోయింటిమి. మళ్ళా పంపు సప్పుడు వినపడి పరిగెత్తుకొస్తిమి. ఓబన్నను ఎవరూ పిలవలే."

ఓబన్న తలెత్తాడు. కన్నీళ్ళూ నూనే కలిసి ముఖమంతా అంటుకున్నాయి. "చెప్పొద్దన్న్యాడు సార్. చెప్తే పంపుకు కరెంటు పీకేస్తారు, ఈది ఎండిపోతాది అన్న్యాడు. పదింపావుకు మిల్లు కాడికి సైకిలు మీద వచ్చి, 'ఆడోళ్ళు నీళ్ళకు ఏడుస్తాండారు, ఇంజను తిప్పు, ఏసన్న ఎగువన ఉండాడు, వానికేం కాదు' అన్న్యాడు. ఆ ముక్కలు తగిలించేది నేర్పిందీ ఆయనే."

"ఎవరు?"

ఓబన్న వేలు లేచి నిచ్చెన మొదలు వైపు తిరిగింది.

శేషన్న కదల్లేదు. రెండు చేతులూ నిచ్చెన మీదే ఉన్నాయి. "తాగి మాట్లాడతాండాడు సార్. నేను గూడ్సు షెడ్డులో ఉన్న్యా."

"పింగాణీ పగిలిందని ఏసన్నను పైకి పంపినావు." దేవేంద్రప్ప కిందికి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "రెండూ గట్టిగా ఉండాయి, మార్చాల్సిన కొత్తది ఇంకా వాని సంచిలోనే ఉండాది. పొద్దున నుంచి కరెంటు గురించి నాకు అంతా చెప్పినావు శేషన్నా. ఫ్యూజు చెప్పినావు, తూము చెప్పినావు. వెనక నుంచి కూడా వస్తాదని ఒక్క మాట చెప్పలే. ఊర్లో ఆ సంగతి తెలిసినోడివి నువ్వొక్కడివే."

శేషన్న ముఖంలో మర్యాద ఆరిపోయింది.

"ఇన్స్పెక్టరు గారూ, ఓబన్నకు బేడీలు వెయ్యండి," అన్నాడు, అదే నెమ్మదైన గొంతుతో. "వేసి తీసుకుపోండి. లేకుంటే నా చెయ్యి జారుతాది. సారు పక్కన రెండు తీగలుండాయి. పడేటోడు ఏదో ఒకటి పట్టుకోకుండా ఉండలేడు."

నరసింహులు బేడీలు పట్టుకుని నిలిచిపోయాడు. మిల్లు మూడు స్తంభాల దూరం. ఎంత పరిగెత్తినా ఇంజను ఆపేటప్పటికి రెండు నిమిషాలు.

"వెయ్యొద్దు నరసింహులు గారూ," అన్నాడు దేవేంద్రప్ప.

నిచ్చెన కాలు పక్కకు జరిగింది.

దేవేంద్రప్ప చేతిలో ఉన్నది ఒక్క క్షణం. బల్బు హోల్డరు పట్టి గుంజాడు. తీగలు రెండూ హోల్డరు నుంచి ఊడి, పై కొసలతో పెద్ద తీగలకే వేలాడాయి. గుడ్డ చుట్టిన చోట పట్టుకుని రెండు కింది కొసలూ ఒకదానికొకటి ఆనించాడు.

ఫట్!

కళ్ళు మిరుమిట్లు గొలిపే నీలం మంట. కాలిన గుడ్డ వాసన. ఇంజను ఇంకా దడదడమంటూనే ఉంది. కానీ వీధి చివర పంపు చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మోతాదుకు మించి పారింది, మిల్లు గోడ మీది ఫ్యూజు కాలిపోయింది.

నిచ్చెన పడిపోయింది. దేవేంద్రప్ప రెండు చేతులతోనూ రెండు తీగలూ పట్టుకుని వేలాడాడు.

వీధి వీధంతా కెవ్వుమంది. ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మనిషి ఇంకా వేలాడుతూనే ఉన్నాడు, కాళ్ళాడిస్తూ.

"నిచ్చెన పెట్టండప్పా ఎవరైనా! చేతులు జారుతాండాయి!"

శేషన్న సైకిలు దాకా పోగలిగాడు. నరసింహులు బరువైన మనిషే గానీ, ఆ నాలుగు అడుగులూ ఎగిరినట్టే దూకాడు. సైకిలూ శేషన్నా ఇన్స్పెక్టరూ కలిసి దుమ్ములో పడ్డారు. ఓబన్నకని తీసిన బేడీలు శేషన్న మణికట్ల మీద పడ్డాయి.

కిందికి దిగిన దేవేంద్రప్ప స్తంభానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. నరసింహులు దుమ్ము దులుపుకుంటూ దగ్గరకు వచ్చాడు.

"నెత్తురు వస్తాంది, చేతులు చూసుకో."

దేవేంద్రప్ప అరచేతులు తెరిచాడు. ఎర్రటి చారలు. బొటనవేలితో రుద్దాడు. తడి లేదు. పొడిలా రాలింది.

"నెత్తురు కాదు. తుప్పు." అతను తలెత్తి తీగల వైపు చూశాడు. "రాగికి తుప్పు పడతాదా ఇన్స్పెక్టరు గారూ?"

"పట్టదు."

"ఇది ఇనుము. పైన రంగు పూసినారు. యుద్ధం వచ్చినాక రాగి బంగారమయింది. శేషన్న ఈ వీధి రాగి తీగ దింపి అమ్ముకుని ఇనుప తీగ కట్టించినాడు. రోజూ స్తంభాలు ఎక్కే ఏసన్న దాన్ని చేత్తో పట్టుకోక తప్పదు, తెలుసుకోక తప్పదు. సోమవారం మద్రాసు ఇన్స్పెక్టరుకు చెప్పాలనుకున్న మాట ఇదే."

దుమ్ములో కూర్చున్న శేషన్న తల ఎత్తలేదు. "చెప్పొద్దని ఏసన్నకు చెప్తి," అన్నాడు నేలతో మాట్లాడుతున్నట్టు. "రెండు తూర్లు చెప్తి. వినలే."

నరసింహులు ఆ తుప్పును వేలితో రుద్ది చూశాడు. తర్వాత గడియారం చూశాడు. మూడూ నలభై. బెల్టుకున్న తాళంచెవుల గుత్తి విప్పి కానిస్టేబులు చేతిలో పెట్టాడు.

"నా సైకిలు తీసుకో. దొర వచ్చే లోపల స్టేషనుకు పోవల్ల. జమాల్ బాషాను బయటికి తీసి కూర్చోబెట్టు."

"యాడ కూర్చోబెట్టేది సార్?"

"నా కుర్చీలో," అన్నాడు ఇన్స్పెక్టరు.